అయిదో రోజు జిగురు

ఆ రోజు పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. నడుమ బరువుకి సాగి, అంచుల్లో మాత్రం కాస్త తెల్లగా. వాన పడదు, ఎండా రాదు. ఇలాంటి రోజున జిగురు ఆరదు. కాబట్టి పడవల ఇంట్లో పెందలాడే లేవాల్సిన పని ఎవరికీ లేదు. అయినా బెండు లేచి, కొట్టు తలుపులు తీసి, ఊడ్చిన నేలనే మళ్లీ ఊడుస్తున్నాడు.

నిన్న మధ్యాహ్నం వచ్చిన ఉత్తరం అతని చొక్కా జేబులో నాలుగు మడతల్లో ఉంది. ‘రేపు పొద్దున వస్తున్నాను. పడవ నాతో తెస్తున్నాను. పెద్దాయనతో ముఖాముఖి మాట్లాడాలి.’ కింద అవతలి ఒడ్డు ఆసుపత్రి నర్సమ్మ సంతకం. ఉత్తరం వచ్చింది పెద్దాయన పేర. విప్పింది బెండు. విప్పిన చెయ్యే దాన్ని జేబులోకి తోసేసింది.

ఇక్కడిదాకా నడిచిన కథ కొత్తగా వచ్చినవాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పుకోవాలి. మడత పడవలు చేసే ఇల్లు అది. కొయ్య చట్రం, దానికి రబ్బరు గుడ్డ తొడుగు. విప్పితే రెండు సంచుల్లో సర్దుకుంటుంది, బిగిస్తే ఏరు దాటిస్తుంది. పెద్దాయన చట్రాలు చేస్తాడు. ఆయన చెల్లెలు తొడుగులకి జిగురుతో అతుకులు వేస్తుంది. కూతురు మిషను మీద పైగుడ్డ కుడుతుంది. పదహారో ఏట పని నేర్చుకోటానికి వచ్చినవాడు ఇరవై ఆరో ఏట ఆ కూతురికి మొగుడై అక్కడే ఉండిపోయాడు. ఎత్తి గుంటలో పడేసినా తేలి వచ్చేవాడని అతనికి బెండు అని పేరు పెట్టింది పెద్దాయనే. ఈ వేసవి మొదట్లో పెద్దాయన మెట్టు మీద జారి, తుంటి విరిగి, డెబ్బై రోజులు మంచాన ఉన్నాడు. ఆ డెబ్బై రోజులూ కొట్టు బెండు చేతుల మీద నడిచింది. ఎలా నడిచిందో అతనొక్కడికే తెలుసు.

ఆ ఇంటికి రెండు నియమాలున్నాయి. అతుకు వేసిన తొడుగు తొమ్మిది రోజులు గాలికి వేలాడాలి. ఎనిమిది కాదు, తొమ్మిది. ఆ తర్వాత పడవ బిగించి, వెనక గుంటలో దించి, అడుగున గోధుమరంగు కాగితం పరిచి, ఇంట్లోవాళ్లలో ఒకరు దాంట్లో పొద్దున్నించి మిట్టమధ్యాహ్నం దాకా కూర్చోవాలి. మధ్యాహ్నం పెద్దాయన గట్టు మీదికి వచ్చి ఒకే ఒక్క మాట అడుగుతాడు. “పొడేనా?” కూర్చున్నవాళ్లు “పొడే” అంటే కాల్చిన ఇనుముతో చట్రం మీద చేప ముద్ర వేస్తాడు. కాగితం మాత్రం చూడడు. ఎందుకు చూడరని ఒకసారి ఎవరో అడిగితే, “చూస్తే కాగితాన్ని నమ్మినట్టు, అడిగితే మనిషిని నమ్మినట్టు” అన్నాడట. ఎక్కడెక్కడినించో వచ్చి ఆ చేప బొమ్మ కోసం ఏడాది ఆగి కొనుక్కుపోతారు జనం.

“ఏంటి బెండూ, పొద్దున్నించీ గేటు వైపు అన్నిసార్లు చూస్తున్నావు? రెండో పెళ్లానికి కబురంపావా?”

కిటికీ పక్క బల్ల దగ్గర జిగురు కలుపుతూ పిన్ని అంది. పెద్దాయన చెల్లెలు ఆవిడ. భార్యకి మేనత్త కాబట్టి అతనికి పిన్ని.

“ఒక్కదాంతోనే ఊపిరాడటం లేదు పిన్నీ.”

“వినపడుతోంది” అంది భార్య, మిషను ఆపకుండా.

పెద్దాయన నవ్వలేదు గాని ఆయన మీసం కొద్దిగా కదిలింది. చేతికర్ర పక్కన ఆనించి, ఎత్తు పీట మీద కూర్చుని, పక్కబద్దకి వంపు చూస్తున్నాడు. ఆయన తల మీద పైకప్పు కొక్కేలకి చట్రాలు వేలాడుతున్నాయి, తిని వదిలేసిన చేప ఎముకల్లా. బెండు వాటి కింద చీపురు పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు చెప్పెయ్యొచ్చు. ఆవిడ రాకముందే. ‘మామయ్యా, ఒక మాట’ అంటే చాలు. ఆ మూడు మాటలూ అనకుండానే చెత్త ఎత్తి బయట పోసి వచ్చాడు. అప్పటికే గేటు దగ్గర చక్రాల చప్పుడు.

నర్సమ్మ బక్కమనిషి. ఒక సంచి వీపుకి తగిలించుకుని, రెండోది చిన్న చక్రాల బండి మీద లాక్కుంటూ లోపలికి వచ్చింది. కళ్లద్దాలు చెమటకి జారి ముక్కు కొసన ఉన్నాయి. ఎడమ మోచేతికి కట్టు. సంచి దించీ దించకముందే చేతులు జోడించింది.

“పెద్దాయనా, క్షమించాలి. మీ పడవ పాడుచేశాను.”

బెండు చేతిలోంచి చీపురు జారింది. ఎవరూ చూడలేదు.

“ముందు కూర్చోండమ్మా. నీళ్లు తాగండి. పడవ ఎక్కడికి పోతుంది?” అన్నాడు పెద్దాయన.

“అదేనండీ చెప్పేది. అది ఎక్కడికీ పోలేదు. నన్నే ముంచింది.”

నీళ్లు తాగి చెప్పింది. పదకొండు రోజుల కిందట అవతలి దీవిలో ఒక ముసలాయన కాలి పుండుకి కట్టు మార్చటానికి బయల్దేరింది. ఏటి నడుమ అరికాళ్లకి తడి తగిలింది. చెమటేమో అనుకుంది. తర్వాత చీలమండ దాకా వచ్చింది. డబ్బాతో తోడబోతే పడవ ఒక పక్కకి వాలి బోర్లపడింది. పక్కల్లో గాలి గొట్టాలు ఉండబట్టి పడవ తేలింది. దాన్ని పట్టుకుని వేలాడుతూ ఎక్కడో ఇసుకమేట మీద తేలింది ఆవిడ. మందుల పెట్టె మాత్రం ఏటి పాలు.

“ముసలాయన కట్టు మూడు రోజులు ఆలస్యమైపోయింది. చీము పట్టింది. కాలు తీసెయ్యాలేమో అన్నారు మొదట. ఇప్పుడు ఫరవాలేదు, ఉంటుందంటున్నారు.” ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుంది. “తప్పు నాదే. బయల్దేరేటప్పుడు రేవులో రాయికి రాసుకుంది. చప్పుడు వినపడింది కూడా. దిగి చూసుకోవద్దూ? మీ పడవకి చెడ్డపేరు రాకూడదని ఊళ్లో అందరికీ అదే చెప్పాను. రాయికి కొట్టుకున్నాను, పడవ తప్పేం లేదు అని.”

ఆ మాట విన్న ఒక్క రెప్పపాటు బెండుకి ప్రాణం లేచి వచ్చింది. రాయి! రాయి అయితే అయిపోయింది. గుండె మీంచి బస్తా దించినట్టు అనిపించింది. మరుక్షణం ఆ కట్టు కట్టిన మోచెయ్యి కనపడింది. ఆ ఒక్క రెప్పపాటు సంతోషం గుర్తొచ్చినప్పుడల్లా, ఆ తర్వాత చాలా కాలం, అతనికి ముఖం కడుక్కోవాలనిపించేది.

“రాయి అయితే రాయి తన గుర్తు వదిలిపోతుంది. చూద్దాం” అని పెద్దాయన లేచాడు.

తొడుగు తీసి పొడుగు బల్ల మీద బోర్లా పరిచారు. పెద్దాయన కళ్లకంటే ముందు అరచెయ్యి పెట్టాడు. ముక్కు దగ్గర్నించి వెనక్కి, గుర్రాన్ని నిమిరినట్టు నిమురుతూ పోయాడు. ఒక చోట ఆగాడు.

“ఇదిగోనమ్మా మీ రాయి. గోకుడు. దీంట్లోంచి చీమ కూడా దూరదు.”

చెయ్యి మళ్లీ కదిలింది. అడుగు భాగంలో, నడిమి గీతకి ఎడమపక్క, మళ్లీ ఆగింది. జానెడు మేర అతుకు నోరు తెరుచుకుని ఉంది. రెండు వేళ్లతో అంచు పట్టుకుని లాగాడు. ఇంకో జానెడు వచ్చింది. ఆ రావటం కూడా అరటితొక్క వచ్చినంత సుళువుగా వచ్చింది.

మిషను ఆగింది. తొమ్మిది రోజులు ఆరిన అతుకుని పట్టకారు పెట్టి లాగితే గుడ్డ చిరుగుతుంది గాని అతుకు ఊడదు. ఆ గదిలో నర్సమ్మకి తప్ప అందరికీ తెలిసిన సంగతి అది.

పెద్దాయన కొయ్య మనిషి. కొయ్యలో తేడా కళ్లు మూసుకుని చెప్తాడు. జిగురు ఆయన చెల్లెలి రాజ్యం. అందుకే ఆయన చూపు, తనకి ఇష్టం లేకుండానే, కిటికీ వైపు వెళ్లింది.

“అమ్మాయ్” అన్నాడు చెల్లెల్ని. డెబ్బై దాటినా ఆయనకి ఆవిడ అమ్మాయే. “నీ కంటి ఆపరేషను ఎప్పుడు?”

“నువ్వు మంచం ఎక్కిన నెలే.”

“ఈ తొడుగుకి రెండో పూత వేశావా?”

“వేసే ఉంటాను.”

“ఉంటానని కాదు.”

ఆ మాట ఆయన మెల్లగానే అన్నాడు. మెల్లగా అనటమే మిగతావాళ్లకి గుచ్చుకుంది. పిన్ని చేతులు తుడుచుకుని వచ్చింది. ఊడిన అతుకు మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసింది.

పూత పడని గుడ్డ వేలికి గరుకుగా తగులుతుంది. ఆరకముందే తడి చూసిన జిగురు సబ్బులా జారుతుంది. నలభై ఒక్క ఏళ్లుగా ఆ వేలు చేస్తున్న పని అది. దానికి కంటితో పనిలేదు. వేలు ఒకసారి ఆగింది. మళ్లీ రాసింది. మళ్లీ ఆగింది. పిన్ని తల ఎత్తింది. బెండు వైపు చూడలేదు. అతను నిలబడ్డ చోటికి కాస్త పక్కగా, వేలాడే చట్రం వైపు చూసింది. ఆవిడకి తెలిసిపోయిందని బెండుకి తెలిసిపోయింది.

“నా కన్నే అన్నయ్యా” అంది. “రెండో పూత పడలేదు. కనపడక వదిలేసుంటాను.”

“అత్తా! నీ అతుకు ఊడటమేంటి?” అంది భార్య, లేచి నిలబడి.

“ఏం, నేను ముసలిదాన్నవటానికి నీ అనుమతి కావాలా?” పిన్ని బల్ల దగ్గరికి తిరిగి వెళ్లి కుంచెని గుడ్డతో తుడిచింది. తుడిచి, డబ్బాలో నిలబెట్టకుండా, కిటికీ గట్టు మీద పడుకోబెట్టింది. పని మానేసినవాళ్లు పెట్టినట్టు పెట్టింది. “ఇక ఇది ఎవరిచేతైనా పట్టించండి.”

“తప్పు దానిది కాదు, నాది” అన్నాడు పెద్దాయన. పీట మీద కూలబడ్డట్టు కూర్చున్నాడు. “మంచంలో పడుకుని అడిగాను, మంచంలోనే నమ్మి ముద్ర వేసెయ్యమన్నాను. ముద్ర నాదైనప్పుడు పాక్కుంటూ వచ్చైనా తొడుగు మీద చెయ్యి వెయ్యాలి కదా.”

“అయ్యో, నేను రాయి చూసుకోపోతే...” అని నర్సమ్మ మళ్లీ మొదలుపెట్టింది.

ముగ్గురూ ఒకే తప్పు కోసం కాట్లాడుకుంటున్నారు. నాదంటే నాదని. దాని అసలు సొంతదారు తేలు కుట్టిన దొంగలా చట్రాల కింద నిలబడి ఉన్నాడు. ఊరుకుంటే గడిచిపోతుంది. పిన్నికి ఎలాగూ పని మాన్పించాలని రెండేళ్లుగా ఇంట్లో అనుకుంటూనే ఉన్నారు. కూర్చుని విశ్రాంతి తీసుకుంటుంది. ఆవిడే ఒప్పుకుంది కూడా. ఇన్ని సర్దుబాట్లు అతని మనసు ఎంత చకచకా చేసిపెట్టిందో చూస్తే అతనికే భయం వేసింది. కుంచె కిటికీ గట్టు మీద పడుకుని ఉంది. దాని పిడి పిన్ని వేళ్ల ఆకారానికి అరిగి, నడుమ సన్నబడి ఉంది.

“రెండో పూత పడింది” అన్నాడు బెండు.

ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

“పిన్ని రెండు పూతలూ వేసింది. నేను దగ్గరుండి చూశాను. ఆరనివ్వలేదు నేను.”

పెద్దాయన తల తిప్పలేదు. “ఎన్నో రోజు?”

“అయిదో రోజు.”

“వానల్లోపు కావాలని నేను ఫోను చేశాను” అంది నర్సమ్మ కంగారుగా. “నేనేమన్నా తొందరపెట్టానా?”

“లేదండీ. మీరు అడిగారంతే. తొందర నాది.” అని ఆగి, ఆగితే మళ్లీ నోరు పెగలదని తెలిసి, చెప్పుకుపోయాడు. “మామయ్య లేకపోయినా కొట్టు ఆగదని చూపించాలనుకున్నాను. ఆగకపోవటమే కాదు, జోరు పెరిగిందనిపించుకోవాలనుకున్నాను. అయిదో రోజు వేలితో నొక్కి చూస్తే గట్టిగానే ఉంది.”

“గుంటలో ఎంతసేపు కూర్చున్నావు?”

“టీ తాగినంతసేపు.”

“ఆ సాయంత్రం నేను అడిగాను. నువ్వేమన్నావు?”

బెండు నేల చూశాడు. తను పొద్దున రెండుసార్లు ఊడ్చిన నేల. “పొడే అన్నాను మామయ్యా.”

“కాగితం?”

“పొడిగానే ఉంది. నిజంగా పొడే.”

“అంటే కాగితం అబద్ధం చెప్పలేదన్నమాట” అన్నాడు పెద్దాయన.

కొట్టినా బాగుండేది. కొడితే చెంప మండుతుంది, కాసేపటికి తగ్గుతుంది. ఈ మాట ఎక్కడ తగిలిందో వెతుక్కోవాల్సి వచ్చింది.

“నోరు మూసుకుని ఉంటే నేను మోసేదాన్ని కదరా” అంది పిన్ని, అతనికి మాత్రమే వినపడేట్టు.

“అందుకే చెప్పాను పిన్నీ.”

“ఎన్ని?” అన్నాడు పెద్దాయన.

ఈ ప్రశ్న వస్తుందని బెండుకి తెలుసు. ఒక్కటే అని చెప్పాలన్న ఆశ ఇప్పుడు కూడా నాలుక చివరికి వచ్చింది. మింగేశాడు.

“నాలుగు.”

ఆ ‘ఎన్ని’ తర్వాత పెద్దాయన అతనితో ఆ పూట ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు.

“అమ్మాయ్” అన్నాడు కూతుర్ని. “ఆ నాలుగు ఎవరెవరికి వెళ్లాయో మీ ఆయన్ని అడుగు.”

“ఇదిగో ఇక్కడే ఉన్నాడు కదా నాన్నా.”

“అడుగు.”

ఆమె మొగుడి వైపు తిరిగింది. తన కళ్లలోకి చూస్తుందనుకున్నాడు. చొక్కా రెండో గుండీని చూసింది. “ఎవరెవరు?”

చెప్పాడు. నర్సమ్మది ఒకటి. పక్షుల లెక్కలు రాసే ఆవిడది ఒకటి. ఫోటో స్టూడియో ఆయనది ఒకటి. నాలుగోది పోస్టుమ్యాన్ దంపతులది. భార్య ఆర్డర్ల పుస్తకం తీసి నంబర్లు వెతికి ఫోను కలిపింది. అవతలి మనిషి పలకగానే పెద్దాయన చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు.

“నేనమ్మా, పడవలాయన్ని. నేను మీకిచ్చిన పడవ సరైంది కాదు. నీళ్లలో దించకండి. నేనే వచ్చి తీసుకెళ్తాను.”

పక్షుల ఆవిడ పడవ ఇంకా అటక మీదే ఉంది. ఫోటో స్టూడియో ఆయనతో పెద్ద చిక్కొచ్చిపడింది. ఆయన నమ్మడు. “పెద్దాయనా, మీ పడవ సరిగ్గా లేకపోవటం ఏంటండీ? ఎవరు మాట్లాడేది? గొంతు మార్చి ఆటపట్టిస్తున్నారా?” అని పకపకా నవ్వటం గది మొత్తానికి వినపడింది. పెద్దాయన అదే మాట మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి అవతల నవ్వు ఆగింది. యాభై ఏళ్ల పేరు ఆగినట్టుగా ఆగింది. ‘నేనిచ్చిన’ అనే అన్నాడు ప్రతిసారీ. ‘మా అల్లుడు’ అనలేదు. అంటే బాగుండునని బెండు కోరుకున్నాడు.

నాలుగో నంబరుకి పోస్టుమ్యాన్ కొడుకు పలికాడు.

“నాన్నా వాళ్లు లేరండీ. పడవేసుకుని వెళ్లారు. ముప్పై ఏళ్లు నడిచాను, ఇప్పుడు కూర్చుని సముద్రం దాకా వెళ్తానని ఒకటే పట్టు. ఫోను కూడా ఇంట్లోనే పెట్టేశాడు. బతుకంతా ఊరి కబుర్లు మోశాను, ఈ వారం రోజులు నాకు ఏ కబురూ వద్దు అన్నాడు.”

నర్సమ్మ కుర్చీలోంచి లేచింది. “ఎర్ర పైగుడ్డ పడవా? ఆయనకి తెల్ల గడ్డం, ఆవిడకి తలకి రుమాలు?”

“అవును” అన్నాడు బెండు.

“మొన్న సాయంత్రం మా రేవులో ఆగారు. టీ ఇచ్చాను.” ఆవిడ గొంతు సన్నబడింది. “నా పడవ చట్రం మీద చేప చూసి, మీదీ పెద్దాయనదేనా అని మురిసిపోయారు. ఏమైందని అడిగితే రాయి సంగతి చెప్పాను. అప్పుడు పోస్టాయన అన్నాడు, మా పడవలో అడుగున కాస్త తడి ఉంటోంది, మా ఆవిడ తడిబట్టలు పెడుతోందేమో అని. ఆవిడ, నా బట్టలే దొరికాయా అని కసిరింది. నేనేమన్నానో తెలుసా? పెద్దాయన పడవలో నీళ్లుండాలంటే మనమే తాగి ఉమ్మెయ్యాలి అన్నాను. మా వైపు అందరూ అనే మాటేనండీ అది. ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం.”

బెండు బల్ల అంచు పట్టుకున్నాడు.

“ఆవిడకి ఈత రాదట” అంది నర్సమ్మ.

పెద్దాయన లేచి గోడకున్న ఏటి పటం దగ్గరికి వెళ్లాడు. కర్రతో ఒక చోట పొడిచాడు. రోడ్డు వెళ్లేది చివరి రేవు దాకానే. అక్కణ్ణించి గండి దాకా రెండు పక్కలా నిటారు కొండ. గండిలో నీళ్లు మామూలుగా ఉండవు. గట్టి పడవకి అది ఆట. నీళ్లు నిండిన పడవ తెడ్డు మాట వినదు, వాలు ఎటు ఈడిస్తే అటు పోతుంది.

చివరి రేవు టీ కొట్టుకి ఫోను చేశారు. ఎర్ర పడవ పొద్దున్నే దాటిపోయిందన్నాడు కొట్టువాడు. ముసలివాళ్ల తెడ్డు, మెల్లగా పోతున్నారు, రాత్రికి ఏ ఇసుకలోనో ఆగుతారు, రేపు మధ్యాహ్నానికి గండి అన్నాడు.

“అమ్మాయ్, పక్కింటి వ్యాను ఆయన ఉన్నాడేమో కనుక్కో. మన జోడు పడవ దించాలి.”

“ఎవరెవరు నాన్నా?”

“ఒక్కడు వాళ్లని అందుకోలేడు. గండికి ముందు ఏరు మూడు పాయలవుతుంది. ఏ పాయ ఎటు పోతుందో నేను తప్ప ఇక్కడెవరూ చూడలేదు.”

“నీ తుంటి?”

“తుంటితో తెడ్డు వెయ్యను కదా.” తర్వాత, ఇంకెటో చూస్తూ, “తెడ్లు రెండూ తీసుకురమ్మను” అన్నాడు.

ఎవర్ని తెమ్మన్నాడో చెప్పలేదు. బెండు వెళ్లి తెడ్లు తెచ్చాడు. ముప్పై ఏళ్ల ఇంటి పడవని సంచుల్లోకి సర్దాడు. ప్రతి బద్దా, ప్రతి బిగింపూ రెండుసార్లు చూసుకున్నాడు. ఈ చూడటం వేసవిలో చూసి ఉంటే! ఆ మాట అనుకోవటం కూడా ఒక రకం సుఖమే అనిపించి, అనుకోవటం మానేశాడు. చేతులు మాత్రం పని చేస్తూ పోయాయి.

వ్యాను సరుకు దించి రావటానికి అరగంట పడుతుందన్నారు. ఆ అరగంటని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. పెద్దాయన గేటు దాకా వెళ్లి వచ్చాడు. మళ్లీ వెళ్లబోతే కూతురు అడ్డం నిలబడింది.

“నువ్వు గేటు దగ్గర నిలబడితే వ్యానుకి రెక్కలొస్తాయా? ఖాళీ కడుపుతో తెడ్డు పడదు. రండి అందరూ. నర్సమ్మగారూ, మీరు కూడా.”

కొట్టు వెనక వంటింట్లో పొడుగు బల్ల ఒకటి. దానికి ఒక చివర పెద్దాయన చోటు. కుడిచెయ్యి పక్కన బెండుది. పదేళ్లుగా అక్కడే. ఈ రోజు అక్కడ కూర్చోవాలో వద్దో తెలియక అతను గడప దగ్గర నిలబడిపోయాడు. పిన్ని ఆ కుర్చీని కాలితో కొంచెం బయటికి తోసింది. వచ్చి కూర్చున్నాడు.

భార్య అందరికీ వడ్డించింది. తండ్రి కంచంలో వేస్తూ అడిగింది. “జోడు పడవలో వెనక ఎవరు కూర్చుంటారు నాన్నా?”

అడగాల్సిన మాటే. దాన్నిబట్టి సంచిలో పీటలు సర్దాలి. జోడు పడవలో వెనకవాడి చేతిలోనే పడవ ఉంటుంది. ముందువాడు నీళ్లు చూస్తాడు, రాయి వస్తే చెప్తాడు, వెనకవాడు తిప్పాడో లేదో వెనక్కి తిరిగి చూడలేడు. తిప్పుతాడని నమ్మి కూర్చోవాల్సిందే. ఇన్నేళ్లూ మామ ముందు, బెండు వెనక. ఎవరూ ఎప్పుడూ అడిగింది లేదు.

పెద్దాయన ముద్ద కలుపుకున్నాడు.

ముందు కూర్చుంటే రోజంతా ఆ చూపు వీపు మీద ఉంటుంది. వెనక కూర్చుంటే రోజంతా ఆ వీపు కళ్లెదుట ఉంటుంది. రెండిట్లో ఏది తేలికో బెండుకి తెలియలేదు. తనకి తేలికైంది కోరుకునే హక్కు ఉందో లేదో కూడా తెలియలేదు. నర్సమ్మ కట్టు కట్టిన చేత్తో కంచం పట్టుకోలేక బల్లకి ఆనించింది. పిన్ని ఆవిడ వైపు గిన్నె జరిపింది. భార్య చివరికి తనూ వడ్డించుకుని, మొగుడికి ఎదురుగా కూర్చుంది. బయట ఆకాశం ఇంకా అలాగే ఉంది. గిన్నెలో గరిటె తగిలిన చప్పుడు, మంచినీళ్లు మింగిన చప్పుడు. అయిదుగురూ తలలు వంచుకుని, ఒకరి కంచంలోకి ఒకరు చూడకుండా తింటున్నారు.